44,100: ఒక సంఖ్య జన్మవృత్తాంతము

ఇంటి టెలివిజనుకు కంప్యూటరును జతపరచి, పాటలు వినుటకును చలనచిత్రములు చూచుటకును దానినే వాడుకొనువారికి, శబ్దపు అమరికలు తెరచినంతనే శాంపిల్ రేటు అను పేరుక్రింద 44,100, 48,000, 96,000, 192,000 అను సంఖ్యలు వరుసగా కానవచ్చును. పెద్ద సంఖ్యయందు పెద్ద మేలుండునని తలచి కట్టకడపటిదానిని ఎన్నుకొనువారే పెక్కుమంది. మొదటి రెండును మూలసంఖ్యలు. తక్కినవి వాని గుణిజములే. ఆ రెండును ఎచట పుట్టెనో, ఏల పుట్టెనో యెరిగినచో ఈ ఎన్నిక తనంతట తానే తేటపడును.

శబ్దము గాలిలో ఎడతెగక సాగు తరంగము. దానిని అంకెలుగా మార్చవలెనన్న, సెకనుకు ఇన్నిమారులని నియమము పెట్టుకొని, ఆ యా క్షణమున తరంగపు ఎత్తు ఎంతయో కొలిచి వ్రాసికొనవలెను. ఆ కొలతల సంఖ్యయే శాంపిల్ రేటు. టెలిఫోను సంభాషణలను రొదసోకకుండ దూరదేశములకు పంపుటకై ఈ యుపాయమును 1937 ప్రాంతమున పారిస్ నగరములో పనిచేయుచుండిన ఆంగ్లేయుడు ఆలెక్ రీవ్స్ ఊహించెను. ఎన్నిమారులు కొలిచిన చాలునను ప్రశ్నకు 1933లో రష్యాలో కొతెల్నికొవ్, 1949లో అమెరికాలో క్లాడ్ షానన్ ఒక్కటే సమాధాన మిచ్చిరి: తరంగములోని అత్యున్నత పౌనఃపున్యమునకు రెట్టింపును మించి కొలిచినచో, రెండు కొలతల నడుమ నున్నదియు కూడ ఏమాత్రము చెడక తిరిగి లభించును. మానవకర్ణము 20,000 హెర్ట్జులకు మించిన ధ్వనిని వినజాలదు గనుక 40,000 కొలతలును, వడపోతకు మరికొంత యెడమును ఉన్న చాలును. ఐనచో ఆ మరికొంత సరిగా 4,100 ఏల కావలెను?

దీనికి కారణము సంగీతములో లేదు, చెవిలో లేదు, టెలివిజనులో నున్నది. రెండు చానళ్ల సంగీతమును, కొలతకు 16 బిట్ల వంతున వ్రాసినచో, సెకనుకు 14,11,200 బిట్లగును. ఒక గంట పాటకు 63 కోట్ల బైట్లకు పైబడును. 1970 దశకములో సామాన్యమైన ఏ కంప్యూటరు డిస్కును అంతటి ప్రవాహమును ఇముడ్చుకొనజాలకపోయెను. చలించు చిత్రమును పట్టియుంచు వీడియో టేపుయంత్ర మొక్కటే అందులకు తగినట్టిదై స్టూడియోలలో సిద్ధముగా నుండెను. జపానులో సోనీ ఇంజనీర్లు ఆ యంత్రమునకు చిత్రమును చూపుచున్నట్లు భ్రమ కల్పించి శబ్దమును అప్పగించిరి: కొలతలను తెలుపు నలుపు చుక్కలుగా మార్చి, టెలివిజను తెరపై గీతలవలె పేర్చి, యూమ్యాటిక్ టేపులపై నెక్కించు పరికరములను నిర్మించిరి. జపాను, అమెరికా దేశముల తెలుపు నలుపు టెలివిజనులో సెకనుకు 60 ఫీల్డులు, అనగా అరబొమ్మలు. ఒక్కొక్క ఫీల్డులో పనికివచ్చు గీతలు 245. గీతకు మూడేసి కొలతలు. 60ని 245చేతను, ఆ వచ్చినదానిని 3చేతను గుణించిన 44,100. ఐరోపాలో ఫీల్డులు 50, గీతలు 294. అక్కడను గీతకు మూడేసి కొలతలే, లబ్ధము మరల 44,100! రెండు ఖండముల టెలివిజనులు దేనియందును ఏకీభవింపకున్నను ఈ ఒక్క సంఖ్యయందు కలిసినవి. 210ని 210చే గుణించినను వచ్చునది ఇదియే. అనగా 2, 3, 5, 7 అను తొలి నాలుగు ప్రధానసంఖ్యల వర్గముల లబ్ధము. ఇన్ని విధముల భాగింపబడు గుణమే దానిని ఇరువురకును పనికివచ్చునట్లు చేసినది. ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి 1980లో కాంపాక్ట్ డిస్కు ప్రమాణమును స్థిరపరచినప్పుడు ఈ సంఖ్యనే స్వీకరించినవి. 1982 అక్టోబరు 1న తొలి సీడీ ప్లేయరు జపానులో అమ్మకమునకు వచ్చెను.

48,000 చరిత్ర ఇంతటి విచిత్రము కాదు. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు, ఐరోపా టెలివిజనుకు 25, మరియొకచోట 30. వీనిలో దేనికైనను 48,000 సమముగా పంచబడును. ఫ్రేముకు 2,000గాని, 1,920గాని, 1,600గాని కొలతలు వచ్చును. బొమ్మతో కూడి నడువవలసిన శబ్దమునకు ఈ సౌలభ్యము ప్రాణము. అందువలననే డీవీడీ మొదలు నేటి వీడియోల వరకు ఈ సంఖ్యయే రాజ్యము చేయుచున్నది.

ఈ యిరువురును ఒకే కంప్యూటరులో కాపురముండవలసివచ్చుటయే చిక్కు. రెంటికిని గల నిష్పత్తి 147కు 160. 147 పాతకొలతల స్థానమున 160 క్రొత్తకొలతలు కల్పింపవలెను, ఆ 160లో ఒక్కటి మాత్రమే పాతదానితో ఒకే క్షణమున పడును. ఏ మార్పును చేయక సీడీ కొలతలను 48,000 వేగమున వినిపించినచో నాలుగు నిమిషముల పాట 220.5 సెకన్లలో ముగియుటయేగాక, శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానములు పైకెగయును. 1997లో ఇంటెల్ రూపొందించిన ఏసీ'97 అను కంప్యూటరు శబ్దప్రమాణము 48,000నే మూలముగా గ్రహించుటచేత, ఆ కాలపు ఇంటి కంప్యూటర్లు అనేకము సీడీ పాటను తప్పనిసరిగా మార్చియే వినిపించెడివి. మార్పు యెల్లప్పుడు దోషము కాదు. శ్రద్ధగా లెక్కించునట్టి సాఫ్టువేరు చేసిన మార్పు చెవికి అందదు. కాని తొందరలో రెండు కొలతల నడుమ సరళరేఖ గీచి సరిపెట్టు లెక్కవలన, మంజీరముల ధ్వనియందు వాయించినవాడు వాయింపని స్వరములు మొలచును. ఘంటసాల గానమును సీడీనుండి ఎత్తి భద్రపరచుకొనినవారికి ఇది చిన్న విషయము కాదు.

కావున దేని సంఖ్యను దానికే విడిచిపెట్టుట ఉత్తమము. విండోసులో పాటలు వినిపించు సాఫ్టువేరునకు ఎక్స్‌క్లూజివ్ మోడ్ ఇచ్చినచో ఆ పాట తన సొంతవేగముననే నడచును. లినక్సులో శబ్దమును నడపు సాఫ్టువేరులలో పల్స్‌ఆడియో వాడువారు మొదటి రేటుగా ఒకదానిని, ప్రత్యామ్నాయముగా రెండవదానిని వ్రాయవలెను. పైప్‌వైరు వాడువారు అనుమతించు రేట్ల పట్టికలో రెంటిని చేర్చవలెను. పలుశబ్దములు కలిసి వినబడుచోట మాత్రము ఒకే రేటు తప్పదు. సినిమాలే ఎక్కువగా చూచునట్టి యింట అది 48,000 అగుట మేలు. 192,000ను ఎన్నుకొనుటవలన సీడీ పాటలో లేనిది ఏదియు క్రొత్తగా పుట్టదు.

మీ యింటి రిసీవరు ముఖఫలకముపై రేటు చూపు సౌకర్యమున్నచో, ఈ సాయంకాలము ఒక సీడీ పాటను పెట్టి చూడుడు, అచట 44.1 అని కనబడవలెను.