అకోటింక్ వాగులో బురద ఎక్కడిది?

చెరువు పూడిపోతే పూడిక తీయించడం మనకు తెలిసిన పనే. తెలంగాణలో మిషన్ కాకతీయ కింద తీసిన ఒండ్రును రైతులు ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నారు. అమెరికాలో వాషింగ్టన్ నగరానికి దగ్గర్లో ఉన్న ఫెయిర్‌ఫాక్స్ కౌంటీకి ఆ వెసులుబాటు లేదు. అక్కడ అకోటింక్ వాగు మీద 1943లో సైన్యం ఇప్పుడున్న ఆనకట్ట కట్టింది. దాని వెనక ఏర్పడ్డ చెరువు ఇప్పుడు దాదాపు సగానికి కుంచించుకుపోయింది. 1985లో ఒకసారి, 2008లో మరోసారి పూడిక తీశారు. మళ్లీ నిండింది. మూడోసారి తీయాలని 2019లో అనుకున్నప్పుడు సుమారు 3 కోట్ల డాలర్లన్న ఖర్చు, 2023 నాటికి 9.5 కోట్లకు చేరింది. తీసిన బురదను ఎక్కడ ఆరబెట్టాలి, ఎక్కడికి తరలించాలి అన్నవే పెద్ద చిక్కులయ్యాయి. చివరికి 2024 జనవరిలో చెరువు మొత్తాన్ని పూడిక తీసే ఆలోచన విరమించుకున్నారు.

ఇంత బురద ఎక్కడి నుంచి వస్తోంది? వాగు చుట్టూ దున్నిన పొలాలు లేవు. 1940లో 41 వేల జనాభా ఉన్న కౌంటీలో 2020 నాటికి పదకొండున్నర లక్షల మంది ఉన్నారు. ఎటు చూసినా ఇళ్లు, పచ్చిక, తారురోడ్లు, పార్కింగ్ స్థలాలు. కొట్టుకుపోవడానికి వట్టి నేల కనబడదు.

ఈ చిక్కుముడిని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన గోర్డన్ వోల్మన్ 1967లోనే విప్పాడు. పొరుగునే ఉన్న మేరీలాండ్ వాగులను గమనించి ఆయన ఒక క్రమాన్ని గుర్తించాడు. అడవి ఉన్నంతకాలం వాగులోకి మట్టి కొద్దిగానే వస్తుంది. పొలాలు వచ్చాక పెరుగుతుంది. ఇళ్లు కట్టడానికి నేలను గీకేసినప్పుడు ఎన్నో రెట్లు ఎగబాకుతుంది. కాలనీ పూర్తయి పచ్చిక, సిమెంటు పరుచుకున్నాక పైనుంచి వచ్చే మట్టి దాదాపు ఆగిపోతుంది. సరిగ్గా అప్పుడే వాగు తన గట్లను తాను కోసుకోవడం మొదలుపెడుతుంది.

కారణం వాన నడిచే దారిలో ఉంది. రెండువేల చదరపు అడుగుల ఇంటికప్పు మీద ఒక్క అంగుళం వాన కురిస్తే సుమారు 4,700 లీటర్లు. హైదరాబాదులో ఎండాకాలం తెప్పించుకునే నీళ్ల ట్యాంకరు ఇంచుమించు అంతే ఉంటుంది. అడవిలో ఆ నీటిలో చాలా భాగం ఆకుల మీద, రాలిన చెత్తలో ఆగి, నేలలో ఇంకి, రోజుల తరబడి ఊటగా వాగుకు చేరుతుంది. కాలనీలో వేల కప్పుల నీళ్లు గొట్టాల గుండా నిమిషాల్లో ఒక్కసారిగా వాగులో పడతాయి. పైగా కప్పుమీది నీటిలో మట్టి ఉండదు. మట్టిని మోసే బలమున్నా మోయడానికి ఏమీ దొరకని ఇలాంటి నీటిని నదుల శాస్త్రజ్ఞులు ‘ఆకలిగొన్న నీరు’ అంటారు. అది ముందు అడుగును తవ్వుతుంది. అడుగు లోతైనకొద్దీ గట్లు నిలువుగా, ఎత్తుగా తేలతాయి. చెట్ల వేళ్లు పట్టుకున్న పొరకు కింద ఖాళీ ఏర్పడుతుంది. చలికాలంలో మంచు గడ్డకట్టి, కరిగి మట్టిని వదులు చేస్తుంది. గట్టు తరచు కూలేది వరద తీశాక. నాని బరువెక్కిన మట్టికి అప్పటిదాకా ఆసరాగా ఉన్న నీరు తప్పుకుంటుంది గనక. కాలిఫోర్నియాలో పట్టణీకరణ జరుగుతున్న శాన్ డియెగో క్రీక్‌ను పదేళ్లపాటు కొలిచిన స్టాన్లీ ట్రింబుల్, అందులోని మట్టిలో సుమారు మూడింట రెండు వంతులు వాగు గర్భం, గట్ల నుంచే వచ్చిందని 1997లో చూపాడు.

ఆ మెత్తటి బురద గులకరాళ్ల సందులను పూడ్చేస్తుంది. ఆ సందుల్లో బతికే పురుగులకూ, చేపల గుడ్లకూ ఊపిరాడదు. దిగువన చెసపీక్ అఖాతంలో నీటి అడుగున పెరిగే గడ్డికి వెలుతురు అందదు. అందుకే అఖాతంలోకి చేరే మట్టికి 2010లో అమెరికా పర్యావరణ సంస్థ ఏడాదికి సుమారు 29 లక్షల టన్నుల పరిమితి పెట్టింది. అకోటింక్ విషయంలో 2011లో ఇంకో అడుగు ముందుకు వేసింది. వాగులోకి వచ్చే వాననీటి ప్రవాహాన్నే దాదాపు సగానికి తగ్గించమంది. దానిమీద రాష్ట్ర ప్రభుత్వం, కౌంటీ కలిసి కోర్టుకెళ్లాయి. చట్టం పరిమితి పెట్టమన్నది కాలుష్యకారకానికి, మట్టి కాలుష్యకారకమే గాని వాననీరు కాదు అని 2013 జనవరిలో న్యాయమూర్తి లియం ఓగ్రేడీ తీర్పిచ్చారు. చట్టంలోని మాటల ప్రకారం అది సరైనదే కావచ్చు. కానీ గట్టును కోస్తున్నది ఆ నీరే. మట్టిని లెక్కపెట్టి నీటిని వదిలేస్తే రోగం లక్షణానికి మందిచ్చినట్టే అవుతుందని నా నమ్మకం.

బాగుచేసే పని వాగులో ఎలా సాగుతుందంటే, నిలువు గట్లను వాలుగా చెక్కుతారు. కోసుకుపోయిన అడుగును రాళ్లతో, మట్టితో పైకి లేపుతారు. అప్పుడు వరద ఇరుకు కాలువలో ఉరకకుండా పక్కనున్న పల్లపు నేల మీదికి పరుచుకుని వేగం తగ్గుతుంది, మట్టిని అక్కడే వదులుతుంది. ఇందుకోసం యంత్రాలు దిగాలంటే ఒడ్డున ఉన్న పెద్ద చెట్లను కొట్టాలి. దీనిమీద ఆ ప్రాంతపు శివార్లలో జనం గట్టిగానే అభ్యంతరం చెబుతున్నారు. వాళ్ల బాధలో న్యాయముంది. ఎగువన నీటిని ఆపకుండా దిగువన చెట్లు కొట్టి గట్టు చెక్కితే, చెట్లూ పోయి, గట్టూ నిలవకపోవచ్చు. 1990ల మొదట్లో మేరీలాండ్‌లోని ప్రిన్స్ జార్జెస్ కౌంటీ ఒక కాలనీలో ఇళ్ల ముందు పల్లపు మళ్లు తవ్వి, ఇసుక కలిపిన మట్టి నింపి, మొక్కలు నాటింది. కప్పు నీళ్లు గొట్టంలోకి పోకుండా అక్కడే ఇంకుతాయి. ఖరీదైన వాగు పని కంటే ముందు ఇలాంటి పని వేల పెరళ్లలో జరగాలి.

చెక్కిన గట్టు మీద కొబ్బరి పీచుతో నేసిన జాలి పరుస్తారు. ప్రపంచంలో ఆ పీచు ఎక్కువగా వచ్చేది మన దేశం నుంచి, శ్రీలంక నుంచి. జాలి సందుల్లో, ఆకులు రాలిన కాలంలో, విల్లో చెట్టు పచ్చి కొమ్మలు నరికి గుచ్చుతారు. అవే వేళ్లూనుకుంటాయి. పీచు కొన్నేళ్లలో కుళ్లిపోతుంది. ఆలోగా విల్లో వేళ్లు గట్టును పట్టుకోవాలి. ఆ కొన్నేళ్లూ పైనుంచి వచ్చే వరద నెమ్మదించాలి.