99.5కీ 38, 101.3కీ 38

మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం పేరు చెబితే పాతతరానికి గుర్తొచ్చేది క్షయ శానిటోరియం. 1915 నాటి సంస్థ అది. క్షయ రోగికి సాయంత్రం పూట సన్నగా తగిలే జ్వరాన్ని థర్మామీటరు 99.5 అని చూపిస్తుంది. 101.3 చూపిస్తే సంగతి వేరు. ఈ రెండు ఫారెన్‌హీట్ అంకెల్నీ కొత్తగా పైథాన్ నేర్చుకుంటున్న పిల్లలు రాసిన మార్పిడి ప్రోగ్రాములో కొట్టి చూడండి. రెండింటికీ 38 సెల్సియస్ అనే జవాబే రావచ్చు.

ప్రోగ్రాము చిన్నదే. పైథాన్‌తో పాటు వచ్చే టికింటర్‌తో ఒక విండో, అంకె కొట్టడానికి పెట్టె, 'మార్చు' అనే బటన్, జవాబుకో లేబుల్. సూత్రం ఇంకా చిన్నది: 32 తీసెయ్, 5తో హెచ్చవేయి, 9తో భాగించు. 98.6లోంచి 32 పోతే 66.6, ఐదు రెట్లు 333, తొమ్మిదో వంతు 37.

అలాగే 99.5కి 37.5, 101.3కి 38.5 వస్తాయి. అంతవరకూ సరే. జవాబు పొట్టిగా కనిపించాలని 'రౌండ్' వాడటంతో వచ్చింది చిక్కు. సరిగ్గా సగం దగ్గర పైథాన్ సరిసంఖ్య వైపు మొగ్గుతుంది, బళ్లో నేర్పినట్టు ఎప్పుడూ పైకి నెట్టదు. అందుకే 37.5 ఎక్కి 38 అవుతుంది, 38.5 దిగి 38 అవుతుంది. 1.8 ఫారెన్‌హీట్ డిగ్రీల తేడా మాయం! ఒక్క దశాంశ స్థానం ఉంచితే ఈ గొడవే లేదు.

పుంగనూరు ఆవుకు 101.5 ఉంటే 38.6 రావాలి. పైథాన్ 2లో 5/9 అని ముందు రాస్తే సున్నా వచ్చేది, దాంతో ఏ ఆవుకైనా సున్నా డిగ్రీలే. సీ, జావాల్లో ఇప్పటికీ అంతే. అయినా సున్నాను చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది కాబట్టి ఇది పెద్ద ప్రమాదం కాదు. నన్ను భయపెట్టేది మరొకటి. పొరపాటున 98..6 అని రెండు చుక్కలు కొడితే తప్పు సందేశం వెనకున్న నల్ల తెరమీదికి పోతుంది. విండోలో మాత్రం అంతకుముందు మనిషి జవాబు అలాగే కూర్చుని ఉంటుంది. బటన్ నొక్కగానే ముందు లేబుల్ తుడిచెయ్యాలి. (తెలుగు అంకెల్లో ౯౮.౬ అని కొట్టినా పైథాన్ పేచీ పెట్టదు, అదో ముచ్చట.)

కుప్పం వైపు పట్టుపురుగుల షెడ్డుకు వెళ్దాం. చాకీ పురుగులకు, అంటే లేత పురుగులకు, 28 సెల్సియస్ దాకా వెచ్చదనం కావాలి, పెద్ద పురుగులకు 25 చాలు. తేడా 3 డిగ్రీలు. ఆ 3ని సెల్సియస్ నుంచి ఫారెన్‌హీట్‌కు తిరగేసి మార్చే ప్రోగ్రాముకిస్తే 37.4 ఫారెన్‌హీట్ అంటుంది. అసలు తేడా 5.4. తేడాలకు 32తో పనిలేదని దానికెవరూ చెప్పలేదు మరి.

షెడ్డులో ల్యాప్‌టాప్ లేకపోతే నోటిలెక్క ఉంది. 28కి రెట్టింపు 56, అందులో పదోవంతు 5.6 తీస్తే 50.4, 32 కలిపితే 82.4. తేడా కోసమైతే ఆ చివరి 32 కలపకండి.