లుముంబా పేరు ముందు అమెరికా పత్రికలు తగిలించిన మాటలు

1960 జూన్ 30న కాంగో స్వాతంత్ర్య వేడుకలో బెల్జియం రాజు బోదువా లేచి తన పూర్వీకుడు రెండో లియోపోల్డ్ మేధావి అని పొగిడాడు. రబ్బరు కోసం కాంగో మనుషుల చేతులు నరికించిన పాలన ఆ లియోపోల్డ్‌ది. తర్వాత, కార్యక్రమంలో పేరు లేకపోయినా, ప్రధాని పాట్రిస్ లుముంబా మాట్లాడారు. తిట్లు, దెబ్బలు, వెట్టిచాకిరీ అన్నీ చెప్పారు. నల్లవాణ్ని 'నువ్వు' అనేవారనీ, అది స్నేహం కొద్దీ కాదనీ, 'మీరు' అనే గౌరవం తెల్లవాళ్లకే దాచిపెట్టారనీ అన్నారు. పండు ముసలి తాతను కూడా 'ఒరే' అని పిలిచే దొరగారి పిల్లల్ని చూసిన మన వాడల్లో ఈ ముక్కకు వివరణ అక్కర్లేదు.

అమెరికా పెద్ద పత్రికలకు మాత్రం అక్కడ కనిపించింది రాజుకు జరిగిన అవమానం. లుముంబా చెప్పినవాటిలో అబద్ధమేదీ అని అడిగినవాళ్లు తక్కువ. ఆ తర్వాత ఆయన పేరు ఒంటరిగా అచ్చయింది అరుదు. ముందు ఏదో ఒకటి తగిలించేవాళ్లు: పిల్లిగడ్డం, మాజీ పోస్టాఫీసు గుమాస్తా, డబ్బు కాజేసి జైలుకెళ్లినవాడు, ఆవేశపరుడు. గుమాస్తాగా పనిచేయడం, 1956 కేసు రెండూ నిజమే. కానీ ఆయన వలస పాలన కాలంలోనే పత్రికలకు వ్యాసాలు రాసిన మనిషి, తన పార్టీకి పత్రిక నడిపిన మనిషి. ఆ సంగతి విశేషణంగా పనికిరాలేదు. మన నాయకుడు గట్టిగా మాట్లాడితే 'నోటిదురుసు', పైకులం నాయకుడు అదే మాటంటే 'సూటిమనిషి' అని చదివీ చదివీ ఈ పద్ధతి మనకు బాగా తెలుసు.

దీన్ని జర్నలిజం లోపంగా మాత్రమే చూస్తే అసలు విషయం జారిపోతుంది. జులై మొదట్లో సైన్యం తిరగబడింది, బెల్జియం పారాట్రూపర్లు దిగారు, జులై 11న గనులున్న కటంగా విడిపోతున్నట్టు ప్రకటించింది. లుముంబా ఐక్యరాజ్య సమితిని పిలిచారు. జులై 27న వాషింగ్టన్‌లో విదేశాంగ మంత్రి హెర్టర్‌ను కలిసి సాయం అడిగారు. ఏ సాయమైనా సమితి ద్వారానే అన్నారు. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఊళ్లోనే లేడు. చివరికి సోవియట్ విమానాలు వచ్చాయి. అమెరికా పాఠకుడికి గుర్తుండిపోయింది ఆ విమానాలే. ముందు తలుపు తట్టింది తమ ఇంటిదేనన్న సంగతి వెనక్కి పోయింది.

లియోపోల్డ్‌విల్‌లో విలేకరికి రాయబార కార్యాలయమే పెద్ద వార్తామూలం. దౌత్యవేత్త చెప్పింది విలేకరి రాస్తాడు, అది వాషింగ్టన్‌లో అచ్చయి మళ్లీ అధికారుల బల్లమీదికి వస్తుంది. ఒకే మాట రెండుచోట్ల వినిపించేసరికి రుజువైనట్టే ఉంటుంది. అప్పటి విదేశాంగ శాఖ ఉన్నతాధికారి డగ్లస్ డిల్లన్, 1975లో సెనేట్ చర్చ్ కమిటీ ముందు కూడా లుముంబా దాదాపు మతిస్థిమితం లేని మనిషన్నట్టే చెప్పాడు. 1960 ఆగస్టు 26న సీఐఏ అధిపతి అలెన్ డల్లెస్, లుముంబాను తొలగించడమే అత్యవసర లక్ష్యమని తంతి పంపాడు. తర్వాత విషం కూడా పంపారు, వాడలేకపోయారు. ఇదంతా పత్రికలు చేయించాయని మేం అనడం లేదు. ప్రచ్ఛన్న యుద్ధం ఉంది, రాగి ఉంది, హిరోషిమా బాంబుకు యురేనియం ఇచ్చిన గని ఉంది. పత్రికలు చేసింది వేరే పని. పిచ్చివాడితో చర్చలేమిటి అనే ఆలోచనను మామూలు విషయం చేశాయి.

అటు కటంగా నేత త్షోంబేకు ఆ ఇబ్బంది లేదు. గనుల కంపెనీ డబ్బు వెనకుంది. న్యూయార్క్‌లో మిషెల్ స్ట్రూలెన్స్ అనే బెల్జియన్ కటంగా సమాచార కార్యాలయమే తెరిచాడు. త్షోంబే కమ్యూనిస్టు వ్యతిరేకి, క్రైస్తవుడు, పాశ్చాత్యుల మిత్రుడు అని చాలా పత్రికలు మెచ్చుకున్నాయి.

సెప్టెంబరులో లుముంబా పదవి పోయింది. డిసెంబరులో పట్టుబడ్డారు. 1961 జనవరి 17న కటంగాలో చంపేశారు. లోకానికి చెప్పింది ఫిబ్రవరి 13న. రెండు రోజులకు, భద్రతా మండలిలో అమెరికా ప్రతినిధి స్టీవెన్సన్ మాట్లాడుతుండగా గ్యాలరీలో నల్లజాతి స్త్రీపురుషులు లేచి అరిచారు. వాళ్లలో మాయా ఏంజెలో, గాయని ఆబీ లింకన్ ఉన్నారు. దీని వెనక కమ్యూనిస్టులున్నారని వ్యాఖ్యానాలు మొదలయ్యాయి. నల్లవాళ్లకు సొంతంగా కోపం రాదన్నట్టు! అది వాళ్ల సొంత కోపమేనని జేమ్స్ బాల్డ్విన్ న్యూయార్క్ టైమ్స్ మేగజైన్‌లో జవాబు రాశారు.

సమితిలో పెద్ద పదవిలో ఉన్న నల్లజాతి దౌత్యవేత్త, నోబెల్ గ్రహీత రాల్ఫ్ బంచ్, నిరసనకారుల తరఫున క్షమాపణ చెప్పారు. నాటక రచయిత్రి లొరేన్ హాన్స్‌బెర్రీకి ఒళ్లు మండింది. ఆ క్షమాపణ చెప్పిన బంచ్ తరఫున, లుముంబా భార్య పాలిన్‌కూ కాంగో ప్రజలకూ తాను క్షమాపణ చెబుతున్నానని ఆమె ఉత్తరం రాశారు. దాన్ని న్యూయార్క్ టైమ్సే అచ్చువేసింది.