చర్చి పెట్టిన బువ్వ, చర్చి కట్టించిన కాలువ: అపోహలు – వాస్తవాలు

గజ్వేల్ ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్నా, 2016 అక్టోబరు దాకా మెదక్ జిల్లాదే. అందుకే ఇక్కడ చర్చి మాటెత్తితే ముందు మెదక్ చర్చే గుర్తొస్తుంది. దాని వెంటే పేదల గురించి, మతం గురించి ఏళ్లుగా నలుగుతున్న కొన్ని మాటలూ వస్తాయి. వాటిలో సగం నిజాలే ఎక్కువ.

అపోహ: కరువులో బువ్వ పెట్టి మతం మార్చారు.

వాస్తవం: మెదక్ చర్చిని వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1914లో మొదలుపెట్టారు. కరువు కాలంలో ఆకలితో వచ్చినవాళ్లకు ఆ కట్టడమే పని చూపింది. పనిచేసినవాళ్లకు తిండి దొరికింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. ఆ తిండి ఊరికే పంచిన బువ్వ కాదు, చెమటకు దక్కిన కూలి. అయితే ఒక మాట అనుకోవాలి. ఆ చెమటతో లేచింది సుమారు 175 అడుగుల గోపురం, చెరువు కాదు.

ఒంగోలులో కథ మరోలా నడిచింది. 1876–78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, వేల మందికి కూలి ఇప్పించారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. బాప్తిస్మం కావాలని ఎందరు అడిగినా, కరువు సాయం సాగినన్నాళ్లూ ఆయన ఇవ్వలేదు. బియ్యం కోసం మతం మారారన్న మాట పడకూడదని పదిహేను నెలలు ఆపారు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో ఆదరువు ఆశించినవాళ్లు ఒక్కరూ లేరని ఎవరూ ఒట్టేసి చెప్పలేరు. కానీ ఆ ప్రాంతపు మాదిగల్లో ఈ కదలిక కరువుతో పుట్టలేదు. తోళ్ల వ్యాపారి యెర్రగుంట్ల పేరయ్య 1866లోనే బాప్తిస్మం తీసుకుని ఊరూరా తిరిగారు. కడుపు నింపుకోవడానికి వచ్చారనే ఒక్క ముక్కతో ఆ పదేళ్ల నడకను తుడిచేయలేం.

అపోహ: చర్చిలో చేరితే కులం పోతుంది.

వాస్తవం: పోలేదు. ఈ మాట బయటివాళ్ల నింద కాదు. భారత కేథలిక్ బిషప్పుల సమాఖ్య 2016 డిసెంబరులో వెలువరించిన దళిత విధాన పత్రమే చర్చి లోపల కుల వివక్ష ఉందని ఒప్పుకుంది. 1.9 కోట్ల కేథలిక్కుల్లో 1.2 కోట్ల మంది దళితులేననీ, నాయకత్వంలో మాత్రం వాళ్లు బహు కొద్దిమందేననీ చెప్పింది. హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంతోని 2022 ఆగస్టులో కార్డినల్ అయితే, ఆ స్థానానికి చేరిన తొలి దళితుడని దేశమంతా చెప్పుకుంది. తొలివాడు రావడానికి అన్నేళ్లు పట్టిందన్నదే అక్కడ అసలు వార్త.

చట్టం లెక్క వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు గానీ క్రైస్తవులను చేర్చలేదు. తెలుగు రాష్ట్రాల్లో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవాళ్లు బీసీ–సీలోకి వస్తారు. రిజర్వేషన్లలో వాళ్ల వాటా ఒక్క శాతం. గిరిజనులకు మాత్రం మతం మారినా ఎస్టీ హోదా పోదు. మతం మారిన దళితుడికి వాడ అదే, కూలి అదే, కాగితం మీద మాత్రం వర్గం మారుతుంది.

అపోహ: అంతా విదేశీ డబ్బే.

వాస్తవం: డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిని నడిపింది మెథడిస్టులు, డాక్టర్ ఇసబెల్ కెర్ దంపతులు. దానికి పెద్ద విరాళం ఇచ్చినవారు మాత్రం నిజామాబాద్‌కు చెందిన హిందూ దాత రాజా నర్సాగౌడ్. ఇక నేడు విదేశీ విరాళం ఏదైనా ఢిల్లీలోని ఒకే ఒక స్టేట్ బ్యాంకు శాఖలో జమ కావాల్సిందే. ఒక సంస్థ మరో సంస్థకు దాన్ని ఇచ్చే వీలు లేదు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ పెట్టిన కట్టుబాట్లివి.

అపోహ: క్రిస్మస్‌కు దుప్పట్లు పంచితే చర్చి బాధ్యత తీరినట్టే.

వాస్తవం: మల్లన్నసాగర్ జలాశయంలో ఊళ్లు మునిగినవాళ్లకు గజ్వేల్ దగ్గరే పునరావాస కాలనీ కట్టారు. అలాంటి కాలనీలో దుప్పటికన్నా కాగితం తెలిసినవాడి అవసరం ఎక్కువ. భూమి పోయినవాడే నిర్వాసితుడని జనం అనుకుంటారు. 2013 భూసేకరణ చట్టం అలా అనదు. సేకరణకు ముందు మూడేళ్లు ఆ ప్రాంతంలో పనిచేసి, దాంతోనే బతికిన వ్యవసాయ కూలీ, కౌలుదారు కుటుంబాలూ బాధితులే. సర్వేలో వాళ్ల పేర్లు రాయాలి, గ్రామసభలో వాళ్ల మాట వినాలి. ఆదివారం ఆరాధన అయ్యాక చదువుకున్న నలుగురు కూర్చుని జాబ్‌కార్డు, రేషన్‌కార్డు చూసి అర్జీ రాసిపెట్టడానికి బిషప్పు అనుమతి అక్కర్లేదు, విదేశీ నిధులూ అక్కర్లేదు. అర్జీదారు ఏ మతమని అడగాల్సిన పనీ లేదు.

ఇలా కాగితం పట్టుకుని అడిగితే ఫలితం ఉంటుందని ఉమ్మడి మెదక్ జిల్లాలోనే రుజువైంది. భూములను నేరుగా కొనే 123 జీవోపై కోర్టుకెక్కింది జహీరాబాద్ వైపు వ్యవసాయ కూలీలు. 2016 ఆగస్టులో హైకోర్టు న్యాయమూర్తి ఆ జీవోను కొట్టేశారు. అప్పీలుకు వెళ్లిన ప్రభుత్వం, భూమి లేని కూలీలకూ సాయం ఇస్తామంటూ కొత్త జీవోలు తేవాల్సి వచ్చింది.