క్షారాన్ని గెలిచిన గంధం

కొత్త సబ్బు ఇంటికొస్తే మా అమ్మమ్మ ఆ రోజే నీళ్ల గదిలోకి పోనిచ్చేది కాదు. అట్టపెట్టెతో సహా ఇనప బీరువాలో పట్టుచీరల మడతల మధ్య పెట్టేది. నెలో రెండు నెలలో అక్కడుండి, చీరలకు తన వాసన పంచిపెట్టాకే అది సబ్బుపెట్టెలోకి వచ్చేది. పండగ పూట బీరువా తలుపు తీస్తే గదంతా గంధం. అమ్మమ్మకు రసాయనశాస్త్రం తెలియదు. అయినా ఆ అలవాటులో రెండు నిజాలున్నాయని చాలా ఏళ్ల తర్వాత సబ్బుల తయారీ గురించి చదువుతున్నప్పుడు తెలిసింది. నిలవున్న సబ్బులో తేమ తగ్గి గట్టిపడుతుంది, నీళ్లలో తొందరగా కరిగిపోదు. ఇది మొదటిది. నెలల తరబడి కాగితం దాటి చీరలకెక్కుతూ వచ్చినా, సబ్బు ఒంటిమీదికి వచ్చేనాటికి వాసన పలచబడేది కాదు. ఇది రెండోది. నన్ను పట్టి కూర్చోబెట్టింది ఈ రెండోదే. ఎందుకంటే సబ్బుకూ సువాసనకూ పుట్టుకతోనే పడదు.

సబ్బు ఎలా పుడుతుందో చూస్తే ఈ పడకపోవడం అర్థమవుతుంది. నూనె అణువును మూడు కొమ్మల చెట్టు అనుకోవచ్చు. మొదలు గ్లిసరిన్, కొమ్మలు మూడు కొవ్వు ఆమ్లాలు. కొమ్మ మొదలుకు అతుక్కున్న చోటును రసాయన భాషలో ఎస్టర్ బంధం అంటారు. కాస్టిక్ సోడా వంటి ఘాటైన క్షారం కలిపి కాచితే ఈ అతుకులు తెగిపోతాయి. గ్లిసరిన్ విడిపోతుంది, కొవ్వు ఆమ్లాలు సోడియంతో జతకట్టి సబ్బు అవుతాయి. సబ్బు అణువుకు తల నీటిని కోరుతుంది, పొడవాటి తోక జిడ్డును కోరుతుంది. ఒంటిమీది జిడ్డులో తోకలు గుచ్చుకుంటాయి, తలలు నీటివైపు తిరుగుతాయి, జిడ్డు చిన్న చిన్న బొట్లుగా విడిపోయి నీళ్లవెంట వెళ్లిపోతుంది.

ఇప్పుడు పూలవైపు, పండ్లవైపు చూడండి. అరటిపండు వాసనలో, అనాస వాసనలో, మల్లెజాతి పూల వాసనలో పెద్ద వాటా ఎస్టర్లది. అంటే నూనెలో ఏ అతుకును తెంపి క్షారం సబ్బును పుట్టిస్తుందో, ఆ పరిమళాల్లోనూ అదే అతుకు ఉంది. సబ్బు కాగే తొట్టిలో అలాంటి అత్తరు పోస్తే అదీ ముక్కలవుతుంది. సబ్బు తయారై గట్టిపడ్డాక కూడా క్షారగుణం పూర్తిగా వదలదు. నీళ్లలో కలిస్తే దాని పీహెచ్ 9కీ 10కీ మధ్య ఉంటుంది. ఆ వాతావరణంలో కొన్ని పరిమళాలు మెల్లగా చెడిపోతాయి, కొన్ని రంగు మారుస్తాయి. ఐస్‌క్రీముకు తీపి వాసననిచ్చే వెనిలిన్ వేస్తే తెల్ల సబ్బు గోధుమరంగుకు తిరుగుతుంది. సబ్బును పుట్టించే చర్యే సువాసనను చంపుతుందన్న మాట. మంచి వాసన సబ్బు కథంతా ఈ ముడిని విప్పిన కథ.

మన ఇళ్లలో వందల ఏళ్లపాటు ఈ ముడే లేదు. ఒంటికి సున్నిపిండి, తలకు కుంకుడుకాయ. కుంకుడు నురగకు క్షారం అక్కర్లేదు, అందులోని సపోనిన్లే ఆ పని చేస్తాయి. సున్నిపిండిలో కచ్చూరాలూ బావంచాలూ దంచి కలిపితే ఆ వాసన అలాగే ఉండేది, దాన్ని చెరిపేది ఏదీ అందులో లేదు. కుంకుడు జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు సాపిండస్. లాటిన్‌లో ‘భారతదేశపు సబ్బు’ అన్న మాటల నుంచి కూర్చిన పేరది. ఆ లాటిన్ సాపో, అరబ్బీ సాబూన్, పోర్చుగీసు సబావో, మన సబ్బు, అన్నీ ఒకే కుటుంబం మాటలు.

సబ్బు పెరిగింది మధ్యధరా సముద్రపు చుట్టుపక్కల. సిరియాలోని అలెప్పోలో ఆలివ్ నూనెకు లారెల్ నూనె కలిపి వండేవారు. ఫ్రాన్సులోని మార్సెయిల్లో ఆలివ్ నూనెకు తోడు సముద్రతీరపు మొక్కల బూడిద నుంచి తీసిన సోడా వాడేవారు. బూడిద మీద ఆధారపడినన్నాళ్లూ సబ్బు ఖరీదైన సరుకే. ఉప్పు నుంచి సోడా తీసే పద్ధతిని నికొలా లెబ్లాంక్ 1791లో కనిపెట్టాక ఆ బరువు తగ్గింది. కొవ్వు లోపల అసలేముందో, క్షారం దాన్ని ఏం చేస్తుందో షెవ్రూల్ అనే ఫ్రెంచి రసాయనవేత్త 1823లో పుస్తకంగా రాసి చెప్పాడు. అప్పటిదాకా వంటవాడి చేతివాటంగా ఉన్న పని లెక్కకు దొరికింది. ఇంగ్లండులో 1712 నుంచి సబ్బుమీద పన్ను ఉండేది, దాన్ని 1853లో ఎత్తేశాక అక్కడ సామాన్యుడి స్నానంలోకి సబ్బు నిజంగా అడుగుపెట్టింది.

ముడి విప్పింది మాత్రం యంత్రమే. ఉపాయం వింటే చాలా మామూలుగా ఉంటుంది. క్షారం ఉధృతంగా ఉన్నప్పుడు సువాసనను దగ్గరికే రానివ్వకూడదు. సబ్బును ముందు వండేయాలి, ఉప్పు వేసి విడగొట్టాలి, మిగిలిన క్షారాన్నీ గ్లిసరిన్‌నూ కడిగేయాలి, ఆరబెట్టాలి. అత్తరు ఆ తర్వాతే. కానీ ఆరిన సబ్బులో అత్తరు సమంగా కలవదు. పూర్వం సబ్బును తురిమి, పరిమళం చల్లి, రోట్లో దంచి, చేత్తో ఉండలు చేసేవారు. 19వ శతాబ్దంలో ఫ్రెంచివాళ్లు ఆ దంచే పనిని గ్రానైటు రోలర్లకు అప్పగించారు. దగ్గరదగ్గరగా తిరిగే రాతి దిమ్మెల మధ్య సబ్బు పలచని రిబ్బనులా నలిగి బయటికి వస్తుంది. ఒక్కసారి కాదు, మళ్లీ మళ్లీ. ప్రతిసారీ వాసన మరికొంత లోపలికి ఇంకుతుంది. గరుకుతనం పోయి చేతికి వెన్నలా తగిలే సబ్బు ఈ రోలర్ల నుంచే పుట్టింది. సబ్బుల చరిత్రలో నాకు అన్నిటికంటే ప్రియమైన యంత్రం ఇదే. రసాయనంతో పని లేకుండా, కేవలం నలిపి, ఓపికగా నలిపి, పడని రెండింటినీ కలిపింది.

ఆ యంత్రం మన పక్కకు రావడానికి ఒక యుద్ధం కారణమైంది. మైసూరు అడవుల్లో గంధపు చెట్టు రాజ్యపు సొత్తు. టిప్పు సుల్తాన్ 1792లోనే దాన్ని రాజవృక్షంగా ప్రకటించాడు. ఆ చెక్క వేలంలో అమ్ముడుపోయి ఓడలెక్కి ఐరోపాకు, ముఖ్యంగా జర్మనీకి వెళ్లేది. నూనె అక్కడ తీసేవారు. 1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలవగానే ఆ దారి మూసుకుపోయింది. చెక్క గిడ్డంగుల్లో పేరుకుపోయింది. అప్పుడు మైసూరు దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆ ఇంటిపేరు గిద్దలూరు ప్రాంతంలోని ఊరిది. 1908 మూసీ వరదల తర్వాత హైదరాబాదుకు రక్షణ ప్రణాళిక వేసిన ఇంజినీరు ఆయనే. అమ్ముడుపోని చెక్కను చూసి ఆయన చెక్క ఎందుకు అమ్మాలి, నూనే తీసి అమ్మితే ఏం అన్నవైపు ఆలోచించాడు. మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు అండగా నిలిచాడు. పరిశ్రమల శాఖ చూస్తున్న ఆల్ఫ్రెడ్ చాటర్టన్, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆచార్యులు సడ్‌బరో, వాట్సన్ కలిసి నూనె తీసే పద్ధతిని సరిచూశారు. 1916లో బెంగళూరులో గంధపు నూనె తయారీ మొదలైంది.

మన గంధపు నూనెతో చేసిన విదేశీ సబ్బులను ఎవరో అతిథులు మహారాజుకు కానుకగా ఇచ్చారనీ, ఆ పని మనమే ఎందుకు చేయకూడదని ఆయనకు అప్పుడే తోచిందనీ చెప్పుకుంటారు. ఎస్.జి. శాస్త్రి అనే యువ రసాయనవేత్తను సబ్బులూ పరిమళాలూ నేర్చుకు రమ్మని ఇంగ్లండు పంపారు. ఆయన తిరిగొచ్చి కూర్చిన సబ్బు 1918లో బయటికొచ్చింది. అదే మైసూర్ శాండల్. శాస్త్రి గారికి ‘సోప్ శాస్త్రి’ అనే పేరు స్థిరపడిపోయింది. కోడిగుడ్డులా సాగిన బిళ్ల, నగల పెట్టెను తలపించే అట్టపెట్టె, దానిమీద ఏనుగు తల సింహం ఒళ్లు ఉన్న శరభం బొమ్మ, అన్నీ ఆ తొలినాళ్ల ఆలోచనలే. ఆ పెట్టె మా అమ్మమ్మ బీరువాలో నగల పక్కనే ఉండేది, తేడా కనిపించేది కాదు.

ఇంత పరిమళాల లోకంలో క్షారం దగ్గర గంధమే ఎందుకు నిలబడింది? దాని నూనెలో ముఖ్యమైనవి ఆల్ఫా, బీటా శాంటలాల్ అనే రెండు అణువులు. ఇవి ఎస్టర్లు కావు, ఆల్కహాల్ కుటుంబానికి చెందినవి. తెంచడానికి క్షారానికి వాటిలో ఆ అతుకే దొరకదు. ఇక రెండో బలం బరువు. నిమ్మతొక్క వాసననిచ్చే లిమోనిన్‌లో 10 కార్బన్ పరమాణువులు, అది దాదాపు 176 డిగ్రీల దగ్గర మరుగుతుంది. శాంటలాల్‌లో 15 కార్బన్లు, మరిగేది 300 డిగ్రీల చుట్టుపక్కల. అందుకే నిమ్మ వాసన గుప్పుమని వచ్చి వెళ్లిపోతుంది, గంధం తొందరపడదు. తనతో కలిసిన తేలిక వాసనల వేగాన్నీ తగ్గిస్తుంది. మైసూర్ సబ్బులో గంధానికి తోడు వట్టివేరు, పచౌలీ, జిరేనియం వంటి నూనెలు కూడా ఉంటాయి. వాటి వెనక నిలబడి చెయ్యి పట్టుకునేది గంధం. బీరువాలో నెలలపాటు చీరలకు వాసన పంచి కూడా తరగని ఆ సబ్బు రహస్యం ఇదే. చెట్టు కూడా అలాంటిదే. పక్క మొక్కల వేళ్ల నుంచి కొంత ఆహారం తీసుకుంటూ, నడిమి చేవలో ఏళ్ల తరబడి ఈ నూనెను కూడబెట్టుకుంటుంది. వేళ్లలోనూ నూనె ఉంటుంది కాబట్టి దీన్ని నరకరు, వేళ్లతో పెకలిస్తారు. చేవను పొడిచేసి ఆవిరి పట్టిస్తే నూనె బొట్టుబొట్టుగా దిగడానికి గంటలు చాలవు, రోజులు పడుతుంది. బరువైన అణువు అక్కడా తొందరపడదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పి తీరాలి. శేషాచలం కొండల్లో పెరిగే ఎర్రచందనం ఈ గంధం కాదు. పేరు దగ్గరగా ఉందని చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. ఎర్రచందనం వేరే జాతి చెట్టు, దాని విలువ రంగులోనూ చేవలోనూ ఉంది, ఆ చెక్కను సాన మీద ఎంత అరగదీసినా సువాసన రాదు. పెళ్లి పందిట్లో మెడకు రాసే గంధం శ్రీగంధం. ఇప్పుడు రాయలసీమలోనూ తెలంగాణలోనూ రైతులు పొలాల్లో దాన్నే నాటుతున్నారు. నాటినవాడికంటే పిల్లలకే ఎక్కువ పనికొచ్చే పంట అది, అయినా నాటుతున్నారు.

ఇవాళ్టి ఫ్యాక్టరీలోనూ క్రమం పెద్దగా మారలేదు. వండి కడిగిన సబ్బులో 30 శాతం దాకా నీళ్లుంటాయి. వేడిచేసి, శూన్యపు గదిలోకి చిమ్మి, దాన్ని 12, 14 శాతానికి దింపుతారు. అది సేమ్యాలాంటి ముక్కలుగా రాలుతుంది, పనివాళ్లు వాటిని నూడుల్స్ అంటారు. మిక్సర్‌లో నూడుల్స్ మీద రంగు, అత్తరు పడతాయి. నూరుపాళ్ల సబ్బుకు అత్తరు ఒకటి రెండు పాళ్లే. తర్వాత రోలర్లు. ఆ తర్వాత ప్లాడర్. మాంసం కైమా కొట్టే మరలాగే లోపల స్క్రూ తిరుగుతుంటుంది, సబ్బును ఒత్తుకుంటూ ముందుకు తోసి, మూతి దగ్గర నున్నటి దిమ్మెగా బయటికి పంపుతుంది. తెగిన ముక్కలమీద అచ్చు పడుతుంది, కాగితం చుట్టుకుంటుంది.

కొనేటప్పుడు కాగితం వెనక చిన్న అక్షరాల్లో ఉండే టీఎఫ్ఎం అంకెను చూడటం నేను ఎప్పుడూ మానను. సబ్బులో కొవ్వు ఆమ్లాల వాటా అది. మన ప్రమాణాల ప్రకారం మొదటి తరగతి టాయిలెట్ సబ్బుకు కనీసం 76 శాతం ఉండాలి. బేదింగ్ బార్ అని రాసి ఉంటే వాటా అంతకంటే చాలా తగ్గొచ్చు, ఆ మేరకు ఇతర పదార్థాలు నింపినట్టు. బోరునీళ్ల ఊళ్లలో ఉన్నవాళ్లకు ఇంకో చిక్కుంది. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును పట్టుకుని తెల్లటి తెట్టులా విరగగొడతాయి, నురగ రాదు, నురగ లేకపోతే వాసనా విప్పుకోదు. పలచని బుడగల పొరల్లో సబ్బు పరుచుకున్నకొద్దీ గాలికి తగిలే వైశాల్యం పెరుగుతుంది, వేణ్ణీళ్ల ఆవిరి అణువుల్ని పైకి లేపుతుంది. వానకాలంలో పట్టిన నీళ్లతో గంధపు సబ్బు రుద్దుకున్నవాళ్లకు ఈ తేడా చెప్పక్కర్లేదు.

ఆ సంతోషం నిమిషాల్లో మనకు తెలియకుండా పోతుంది. ముక్కు ఒకే వాసనకు తొందరగా అలవాటు పడుతుంది. స్నానం చేసినవాళ్లకు తెలియని గంధం పక్కనుంచి వెళ్లేవాళ్లకు తెలుస్తుంది. ముక్కు నాడుల నుంచి దారి మెదడులో జ్ఞాపకాలను, భావాలను చూసుకునే భాగాలకు చాలా దగ్గర. మార్కెట్లో ఎవరో దాటిపోయినప్పుడు ఒక్కసారి ఆ వాసన తగిలి, పట్టుచీరల మడతలూ ఇనప తలుపు చప్పుడూ ముందుకొచ్చి నిలబడటం నాకెన్నోసార్లు జరిగింది.

2006లో మైసూర్ శాండల్ సబ్బుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా ఇంట్లో ఇప్పటికీ అది చివరిదాకా వాడతాం. ఆకు మందానికి అరిగిన బిళ్లను కూడా ముక్కు దగ్గర పెట్టుకుంటే మొదటిరోజు వాసనే. పైన పూత పూస్తే ఇలా ఉండదు, రోలర్లు దాన్ని ఆసాంతం ఇంకించాయి. అమ్మమ్మ ఆ పలచటి బిళ్లను పారేసేది కాదు. తడిచేసి, కొత్త సబ్బు వీపుమీద పెట్టి, బొటనవేలితో గట్టిగా నొక్కేది. ప్లాడర్ చేసే పనే అది. మర్నాటికి రెండూ ఒకటైపోయేవి.