పట్టిన గంజాయి ఎటు పోతుంది?

హైదరాబాదు నుంచి విజయవాడ పోయే పెద్ద రోడ్డు జగ్గయ్యపేట, నందిగామల మీదుగా పోతుంది. 2014లో రాష్ట్రం విడిపోయింది. అప్పటి నుంచి జగ్గయ్యపేట సరిహద్దు ఊరు అయింది. గరికపాడు దాటితే తెలంగాణే. విశాఖ వైపు కొండల్లో పండే గంజాయి హైదరాబాదు చేరాలంటే ఇదొక దారి. అందుకే ఈ రోడ్డు మీద పోలీసులు బండ్లు ఆపి సోదా చేస్తుంటారు.

గంజాయి పట్టారని మనం వింటాం. ఆ తర్వాత సరుకు ఏమైంది? పట్టినవాళ్ళ పని ఎవరు చూస్తారు? అది మనకెందుకు అంటారా? మన పిల్లలు తిరిగేది ఈ రోడ్డు మీదే. మన మగవాళ్ళు ఇక్కడే లారీలు, ఆటోలు తోలుతారు. మనమూ సంచీలతో ఇక్కడే బస్సు ఎక్కుతాం.

శిక్ష ఎంత?

మత్తు మందుల చట్టం 1985లో వచ్చింది. గంజాయి అమ్మినా, మోసినా, దగ్గర పెట్టుకున్నా నేరమే. కిలో లోపు దొరికితే ఏడాది దాకా జైలు. కిలో దాటితే పదేళ్ళ దాకా. 20 కిలోలు దాటితే పదేళ్ళకు తగ్గదు. ఇరవై ఏళ్ళ దాకా పడవచ్చు.

"ఈ సంచీ కాస్త పట్టుకురామ్మా, డబ్బులిస్తాం" అని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. లోపల ఏముందో తెలీదంటే చాలదు. తెలీదని కోర్టులో మనమే రుజువు చేసుకోవాలి.

పోలీసులకూ కట్టుబాట్లు ఉన్నాయి

ఇంత పెద్ద శిక్ష ఉన్న చట్టాన్ని తప్పుగా వాడితే ఒక కుటుంబమే కూలిపోతుంది. అందుకే చట్టం పోలీసులకూ హద్దులు పెట్టింది.

ఫలానా ఇంట్లో గంజాయి ఉందని కబురు వస్తే, దాన్ని కాగితం మీద రాయాలి. 72 గంటల్లో పై అధికారికి పంపాలి.

మనిషి ఒంటిని సోదా చేసే ముందు ఒక మాట చెప్పాలి. గెజిటెడ్ అధికారి ముందు గానీ, మేజిస్ట్రేటు ముందు గానీ సోదా చేయించుకునే హక్కు ఉందని చెప్పాలి.

ఆడవాళ్ళను ఆడవాళ్ళే సోదా చెయ్యాలి.

అరెస్టు చేసినా, సరుకు పట్టినా 48 గంటల్లో పై అధికారికి పూర్తి రిపోర్టు ఇవ్వాలి. అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి.

2024 జూలై 1 నుంచి సోదాను వీడియో కూడా తియ్యాలి.

కారణం లేకుండా, వేధించటానికి సోదా చేసిన అధికారికి ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. గంజాయి వ్యాపారులతో చేతులు కలిపిన అధికారికి పదేళ్ళకు తగ్గని జైలు ఉంది.

సరుకు లెక్క

2022లో ఉత్తరప్రదేశ్‌లోని మథురలో ఒక సంగతి జరిగింది. స్టేషన్లలో దాచిన గంజాయి 500 కిలోలకు పైగా ఎలుకలు తినేశాయని పోలీసులు కోర్టుకు చెప్పారు. రుజువు చూపమని కోర్టు అడిగింది.

దాచిన సరుకు మాయమైతే రెండు నష్టాలు. కేసు వీగిపోతుంది. సరుకు మళ్ళీ బజారుకు వస్తుంది. అందుకే సరుకును తూచి, జాబితా రాయాలి. మేజిస్ట్రేటు ముందు ఫోటోలు, నమూనాలు తియ్యాలి. ఆలస్యం చెయ్యొద్దని 2016లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ఆ తర్వాత మిగతా సరుకును తగలబెడతారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర ఒకేసారి దాదాపు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు.

పైన ఎవరున్నారు?

2022లో జగ్గయ్యపేట, నందిగామ కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. ఎస్సై పైన సర్కిల్ ఇన్‌స్పెక్టరు, ఆ పైన ఏసీపీ, అందరి పైన విజయవాడలో పోలీసు కమిషనరు ఉంటారు. మత్తు మందుల పని చూడటానికి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన ఒక కమిటీ ఉంటుంది. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం "ఈగల్" అనే ప్రత్యేక దళాన్ని పెట్టింది. దాని ఫోను నంబరు 1972. డబ్బులు పడవు. కబురు ఎవరు చెప్పారో బయటపెట్టమని అధికారిని బలవంతం చెయ్యకూడదని చట్టంలో ఉంది.

మనవాళ్ళను ఎవరినన్నా పట్టుకుపోతే భయపడి ఇంట్లో కూర్చోకండి. ఏ స్టేషనుకు తీసుకెళ్ళారో, ఏ కేసు పెట్టారో అడగండి. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. కేసు నడపాల్సి వస్తే ఆడవాళ్ళకు ప్రభుత్వమే ఉచితంగా వకీలును ఇస్తుంది. ఆస్తి ఎంతున్నా ఈ హక్కు ఉంది. అందుకు 15100కి ఫోను చెయ్యండి.

ఇంట్లో కుర్రాడు మత్తుకు అలవాటు పడితే దాచిపెట్టకండి. అది వైద్యం చేయించాల్సిన జబ్బు. సలహాకు 14446కి ఫోను చెయ్యండి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు రాత్రి బడిలో చదువుకున్నారు. సారా ఎందుకు అమ్ముతున్నారని అడిగారు. ఆ మాట ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగింది. అడగటం మన హక్కే. గంజాయి సంగతిలోనూ అడుగుదాం.

మాట్లాడుకోండి

1. ఒంటి సోదా చేసే ముందు పోలీసులు ఏం చెప్పాలి?
2. పట్టిన సరుకుకు లెక్క లేకపోతే ఎవరికి లాభం? ఎవరికి నష్టం?
3. 1972, 15100, 14446. ఏ నంబరు ఎందుకు? మీ పుస్తకంలో రాసుకోండి.