బ్రిడ్జి కోర్సు

ఇంటర్మీడియట్‌లో వృత్తివిద్య తీసుకున్నవారు డిగ్రీ చదువులకు అర్హత కోసం అదనంగా చదివే గణితం, సైన్సు పాఠాలే బ్రిడ్జి కోర్సు. తెలుగు రాష్ట్రాల్లో దీని పరీక్షలను ఇంటర్ బోర్డులు నిర్వహిస్తాయి. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు విద్యార్థినే చూస్తే, రక్తనమూనా తీయడం, గాజు పలకపై పలుచగా పరిచి రంగు అద్దడం, సూక్ష్మదర్శినిలో కణాలు లెక్కించడం నేర్చుకుంటాడు. రెండేళ్లలో చేతికి పని వస్తుంది. అప్రెంటిస్ చట్టానికి 1986లో చేసిన సవరణతో ఇలాంటివారికి స్టైపెండ్‌తో శిక్షణ పొందే వీలూ కలిగింది. అయితే ఇంజినీరింగ్, ఫార్మసీ వంటి చదువులకు వృత్తి కోర్సులోని సైన్సు చాలదు. బ్రిడ్జి పరీక్షలు గట్టెక్కితే ఆ చదువుల ప్రవేశపరీక్ష ఈఏపీసెట్ రాయవచ్చు. వృత్తి పాఠాలకు తోడు ఇవీ చదవడం నిజంగా బరువే. అయినా పైచదువుల దారి మూసుకుపోకుండా కాపాడేది ఇదే. అందుకే కాలేజీలో చేరేముందే అక్కడ బ్రిడ్జి తరగతులు జరుగుతాయో లేదో తల్లిదండ్రులు అడిగి తెలుసుకోవాలి.